డేటాబేస్‌ల జాబితా పక్కన పెట్టి ఒక్క జన్యువుని పట్టుకోండి

ప్రశ్న: నేను బయోటెక్నాలజీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఈసారి బయోఇన్ఫర్మాటిక్స్ పేపర్ ఉంది. జెన్‌బ్యాంక్, ఈఎంబీఎల్, డీడీబీజే, యూనిప్రాట్, పీడీబీ అంటూ డేటాబేస్‌ల పేర్లు, అవి మొదలైన సంవత్సరాలు బట్టీ పడుతున్నాను కానీ ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియడం లేదు. అసలు ఇన్ని ఎందుకు? లెక్కలంటే భయపడే బయాలజీ తీసుకున్నాను, కోడింగ్ అస్సలు రాదు. ప్రోటీన్ల ఆకారాన్ని కంప్యూటర్‌తో అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ వచ్చాక ఇవన్నీ నేర్చుకోవడం దండగ అని నా ఫ్రెండ్ అంటోంది. పీజీలో ఈ సబ్జెక్ట్ తీసుకోవచ్చా? తీసుకుంటే ముందే ఖరీదైన ల్యాప్‌టాప్ కొనాలా?

జవాబు: ముందు మీకు కాస్త ఊరటనిచ్చే మాట. జెన్‌బ్యాంక్, ఈఎంబీఎల్, డీడీబీజేల మధ్య తేడా మీకు కనిపించడం లేదంటే, వెతకాల్సినంత తేడా అక్కడ లేదు కాబట్టే. మొదటిది అమెరికాలో, రెండోది యూరప్‌లో, మూడోది జపాన్‌లో నడుస్తాయి. యూరప్ వాళ్లది ఇప్పుడు ఈఎన్‌ఏ అనే పేరుతో ఉంది. ఎవరైనా తాము చదివిన డీఎన్‌ఏ సీక్వెన్స్‌ని (అక్షరాల వరసని) ఈ మూడింట్లో ఏదో ఒకదానికి పంపితే చాలు. అవి రోజూ ఒకదానితో ఒకటి డేటా ఇచ్చిపుచ్చుకుంటాయి, రికార్డు నంబర్ కూడా మూడుచోట్లా ఒకటే. పరీక్షలో మూడు పేర్లూ రాసి మార్కులు తెచ్చుకోండి. మీ మట్టుకు మీరు ఒకటిగానే గుర్తుపెట్టుకోండి.

మిగతావి మాత్రం నిజంగానే వేరు వేరు. ఎవరో ఒకరు కూర్చుని ప్లాన్ వేసి వీటిని కట్టలేదు. ఏ రకం సమాచారం ఎప్పుడు చేతికందితే దానికి అప్పుడు ఒక చోటు ఏర్పడింది. 1950ల్లో ఫ్రెడరిక్ శాంగర్ ఇన్సులిన్‌లో అమైనో ఆమ్లాలు ఏ వరసలో ఉన్నాయో తేల్చారు. అప్పటికి డీఎన్‌ఏ వరస చదవడం ఎవరికీ రాదు, అందుకే మొదట పోగైనవి ప్రోటీన్ సీక్వెన్సులు. మార్గరెట్ డేహాఫ్ వాటిని ఏరి 1965లో పుస్తకంగా అచ్చు వేయించారు. అందులో ఉన్నవి మొత్తం 65 ప్రోటీన్లు! (అమైనో ఆమ్లాలకు మీరు రాసే ఒక్కక్షరం గుర్తులు కూడా ఆవిడ పుణ్యమే.) 1971లో ప్రోటీన్ల ఆకారాల కోసం పీడీబీ మొదలైంది, ఏడు నిర్మాణాలతో. ఇప్పుడవి రెండు లక్షలు దాటాయి. 1977లో మళ్లీ శాంగరే డీఎన్‌ఏ చదివే పద్ధతి ఇచ్చారు, ఆ తర్వాత డీఎన్‌ఏ సీక్వెన్సులు వచ్చిపడ్డాయి, 1982లో జెన్‌బ్యాంక్ వచ్చింది. వచ్చిందంతా దాచుకుంటే సరిపోదు, ఒక్కో ప్రోటీన్ గురించి తెలిసినదాన్ని ఎవరో చదివి, సరిచూసి రాయాలి అనుకుని ఆమోస్ బైరాక్ 1986లో స్విస్‌ప్రాట్ మొదలుపెట్టారు. అదే ఇవాళ యూనిప్రాట్‌లో ఒక భాగం.

ఈ సంవత్సరాలు పరీక్షకి పనికొస్తాయి. సబ్జెక్ట్ రావాలంటే మాత్రం జాబితా పక్కన పెట్టి ఒక్క జన్యువుని పట్టుకుని దాని వెంట నడవండి. నేనైతే హెచ్‌బీబీ అంటాను. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసుకి అదే మూలం. చిన్న జన్యువు, దాదాపు 1,600 అక్షరాలు, మూడే ఎక్సాన్లు (చివరి నకలులో మిగిలే ముక్కలు). అందులో ఒక్క అక్షరం మారితే సికిల్ సెల్ జబ్బుకి కారణమైన హిమోగ్లోబిన్ తయారవుతుంది. ఆ మార్పు గురించి మీరు తరగతిలో ఎప్పుడో చదివే ఉంటారు, కాబట్టి డేటాబేస్ చెప్పేది అర్థమైందో లేదో మీకే తెలిసిపోతుంది.

జెన్‌బ్యాంక్‌ని నడిపే అమెరికా సంస్థ ఎన్‌సీబీఐ వెబ్‌సైట్‌లో జీన్ అనే విభాగంలో హెచ్‌బీబీ అని వెతకండి, మనిషిది ఎంచుకోండి. 11వ క్రోమోజోమ్ మీద ఉందని, డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఎదురు పోగు మీద ఉందని చెప్తుంది. ఎదురు పోగు అన్న మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది. అదే పేజీలో ఎన్‌ఎం_000518 అనే నంబర్, దాని పక్కన చుక్క పెట్టి ఇంకో అంకె కనిపిస్తాయి. చుక్క తర్వాతది వెర్షన్. సీక్వెన్స్‌లో ఒక్క అక్షరం సవరించినా ఆ అంకె పెరుగుతుంది. ఎన్‌ఎం అంటే ఎంఆర్‌ఎన్‌ఏ (జన్యువు నకలు), ఎన్‌పీ అంటే ప్రోటీన్. ఎక్స్‌ఎం, ఎక్స్‌పీ అని ఉంటే అది కంప్యూటర్ ఊహించి పెట్టినది. ఈ నంబర్లు రెఫ్‌సీక్ అనే సంకలనానివి. జెన్‌బ్యాంక్‌లో ఇదే జన్యువుకి వేరువేరు ల్యాబ్‌లు పంపిన రికార్డులు బోలెడు ఉంటాయి, ఎవరు పంపింది వాళ్లదే, దిద్దే హక్కు కూడా వాళ్లదే. రెఫ్‌సీక్‌లో ఎన్‌సీబీఐ వాళ్లు ఆ గుంపులోంచి ఒకదాన్ని ఎంచి, ప్రామాణికంగా నిలబెట్టి, తామే చూసుకుంటూ ఉంటారు. పుస్తకంలో ప్రైమరీ డేటాబేస్, సెకండరీ డేటాబేస్ అని రెండు పేరాలు చదివి ఉంటారు. మొదటిది జెన్‌బ్యాంక్ లాంటిది, రెండోది రెఫ్‌సీక్ లాంటిది. ఈ పేజీ మీద పది నిమిషాలు గడిపితే ఆ తేడా కళ్లముందు కనిపిస్తుంది.

అక్కణ్నుంచి యూనిప్రాట్‌కి వెళ్లండి, నంబర్ పీ68871. ఆ తర్వాత డీఎన్‌ఏలో ఒక్కక్షరం లాంటి చిన్న మార్పులను నమోదు చేసే డీబీస్నిప్‌లో ఆర్‌ఎస్334 అనే నంబర్. ఇక్కడ మీకు గందరగోళం మొదలవ్వాలి. మొదలవ్వకపోతే సరిగ్గా చదవలేదని అర్థం.

ఎందుకంటే మీ పాఠ్యపుస్తకం ఆరో స్థానంలో గ్లూటమిక్ ఆమ్లం బదులు వాలిన్ వస్తుందని చెప్తుంది, యూనిప్రాట్ ఏడో స్థానం అంటుంది. రెండూ నిజమే. 1956 ప్రాంతంలో వెర్నన్ ఇంగ్రామ్ ఈ మార్పుని పట్టుకున్నప్పుడు ఆయన చేతిలో ఉన్నది రక్తంలోంచి తీసిన ప్రోటీన్. అందులో మొదటి మెథియోనిన్ ఉండదు, తయారవుతుండగానే తెగిపోతుంది, మిగిలేవి 146. యూనిప్రాట్ జన్యువులో ఉన్న మొదటి కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాలు) నుంచి లెక్కపెడుతుంది కాబట్టి 147. ఒక అంకె జరిగింది, అంతే.

రెండో చిక్కు. కోడాన్ జీఏజీ నుంచి జీటీజీకి మారింది, అంటే ఏ పోయి టీ వచ్చింది. డీబీస్నిప్‌లో చూస్తే టీ పోయి ఏ వచ్చిందని ఉంటుంది. ఇందాక గుర్తుంచుకోమన్న ఎదురు పోగు సంగతి ఇదే. డీబీస్నిప్ రిఫరెన్స్ జీనోమ్ (అందరూ పోల్చి చూసుకునే ప్రామాణిక మానవ డీఎన్‌ఏ) ముందు పోగు మీది అక్షరాన్నే రాస్తుంది, హెచ్‌బీబీ ఉన్నది అవతలి పోగు మీద. ఏకి ఎదురుగా ఉండేది టీ కాబట్టి ఇవతల నుంచి చూస్తే తలకిందులుగా కనిపిస్తుంది.

మూడోది ఇంకా తమాషా. ఈ ఒక్క అక్షరం 11వ క్రోమోజోమ్ మీద ఎన్నో స్థానంలో ఉంది? ఒక పేపర్‌లో 52,48,232 అని చూస్తారు, ఇంకోదాంట్లో 52,27,002 అని. మొదటిది 2009లో వచ్చిన జీఆర్‌సీహెచ్37 అనే రిఫరెన్స్ ప్రకారం, రెండోది 2013లో వచ్చిన జీఆర్‌సీహెచ్38 ప్రకారం. జీనోమ్ చిత్రాన్ని సవరించినప్పుడల్లా ఇంటి నంబర్లు మారినట్టు స్థానాలన్నీ జరుగుతాయి. ఏ రిఫరెన్స్‌లో అన్నది రాయకుండా స్థానం ఒక్కటే రాస్తే ఆ అంకె ఎవరికీ పనికిరాదు. ఉద్యోగంలో చేరాక మీకు ఎదురయ్యే తలనొప్పుల్లో పెద్ద వాటా ఈ మూడు రకాలవే. సిలబస్‌లో వీటికి ఒక్క వాక్యం కూడా దక్కకపోవడం నాకు ఎప్పుడూ వింతే.

ఇక పీడీబీకి వెళ్తే మామూలు హిమోగ్లోబిన్ ఆకారం 4హెచ్‌హెచ్‌బీ దగ్గర, సికిల్ హిమోగ్లోబిన్ ఆకారం 2హెచ్‌బీఎస్ దగ్గర దొరుకుతాయి. రెండూ బ్రౌజర్‌లోనే తిప్పి చూడొచ్చు. రెండోదాంట్లో ఆ వాలిన్ ఎక్కడుందో వెతకండి. ఆక్సిజన్ వదిలేసిన స్థితిలో అది పక్క అణువులోని ఫినైల్ అలనిన్, ల్యూసిన్ దగ్గరున్న గుంటలోకి దూరి కూర్చుంటుంది. అలా అణువులు ఒకదానికొకటి అతుక్కుంటూ పొడవాటి పోగులవుతాయి, ఎర్ర రక్తకణం కొడవలిలా వంగుతుంది. జెన్‌బ్యాంక్‌లో ఇది ఒక అక్షరం, యూనిప్రాట్‌లో ఒక వరస, పీడీబీలో ఒక గుంట. ఇన్ని ఎందుకు అని అడిగారు కదా, అందుకు.

నడక అయ్యాక నేర్చుకోవాల్సిన ముఖ్యమైన అలవాటు ఒకటుంది. ఏ రికార్డు చూసినా, ఈ మాట ఎవరు చెప్పారు, దేన్నిబట్టి చెప్పారు అని అడగాలి. యూనిప్రాట్‌లో మనుషులు పేపర్లు చదివి సరిచూసిన స్విస్‌ప్రాట్ రికార్డులు సుమారు 5.7 లక్షలు. కంప్యూటర్ దానంతటదే పేరు పెట్టిన ట్రెంబుల్ రికార్డులు అంతకు వందల రెట్లు. చూడ్డానికి రెండూ ఒకేలాంటి పేజీలు. పైన రివ్యూడ్ అని ఉందా, అన్‌రివ్యూడ్ అని ఉందా అన్నదే తేడా, చాలామంది అది చూడకుండానే కిందికి వెళ్లిపోతారు. పని ఎలా జరుగుతుందో చూడండి: ఒక ప్రోటీన్ మీద ప్రయోగం చేసి అది ఫలానా ఎంజైమ్ అని తేలుస్తారు. దాన్ని పోలిన ఇంకోదానికి కంప్యూటర్ అదే పేరు పెడుతుంది. దాన్ని పోలిన మూడోదానికీ అదే పేరు. పదోదాని దగ్గరికి వచ్చేసరికి మొదటిదానితో పోలిక ఎంత మిగిలిందో ఎవరూ చూడరు. గొర్రెదాటు. 2009లో 37 ఎంజైమ్ కుటుంబాలను తీసుకుని డేటాబేస్‌లలో వాటి పేర్లు సరైనవేనా అని ఒక బృందం పరిశీలిస్తే, స్విస్‌ప్రాట్‌లో తప్పులు దాదాపు లేవు, కంప్యూటర్ పేర్లు పెట్టిన డేటాబేస్‌లలో మాత్రం చెప్పుకోదగ్గంత కనిపించాయి. కాబట్టి మీ ప్రాజెక్టులో ఏ ప్రోటీన్ పనిని గురించి రాసినా, అది ప్రయోగంలో చూసిందా లేక పోలికతో ఊహించిందా చూసుకుని రాయండి. జన్యువుల పనులను వర్గీకరించే జీన్ ఆంటాలజీలో ఐఈఏ అనే గుర్తు ఉంటే ఏ మనిషీ చూడలేదని అర్థం. ఐడీఏ ఉంటే ఎవరో నేరుగా పరీక్షించారని.

బ్లాస్ట్ గురించి మీరు అడగలేదు కానీ అది లేకుండా ఈ సబ్జెక్ట్ లేదు. 1990లో వచ్చింది. మీ దగ్గరున్న సీక్వెన్స్‌ని పోలినవి డేటాబేస్‌లో ఏమున్నాయో చెప్తుంది. అన్ని అమరికలనూ కచ్చితంగా పోల్చి చూసే స్మిత్-వాటర్‌మన్ పద్ధతి 1981లోనే ఉంది కానీ పెద్ద డేటాబేస్ మీద నడిపితే చాలా సమయం తీసుకుంటుంది. బ్లాస్ట్ కొంచెం కచ్చితత్వం వదులుకుని వేగం సంపాదించింది. హెచ్‌బీబీ ప్రోటీన్‌ని ఇచ్చి, స్విస్‌ప్రాట్‌లో మనిషి ప్రోటీన్ల మధ్య వెతకండి. పైన బీటానే, దాని వెంటనే హిమోగ్లోబిన్‌లో ఇంకో గొలుసైన డెల్టా వస్తుంది, బీటాకి దానికి పది అమైనో ఆమ్లాలే తేడా. కిందికి వెళ్తే ఆల్ఫా గొలుసు, పోలిక 40 శాతం పైచిలుకు. ఇంకా కింద కండరాల్లో ఉండే మయోగ్లోబిన్ కనిపించవచ్చు, పోలిక నాలుగో వంతుకి అటూ ఇటూ. అయినా పీడీబీలో మయోగ్లోబిన్‌నీ బీటా గొలుసునీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. వరస చెరిగిపోయినంత త్వరగా ఆకారం చెరిగిపోదు.

ఫలితాల పట్టికలో అందరూ శాతం చూస్తారు. మీరు ముందు ఈ-విలువ చూడండి. ఇంత పెద్ద డేటాబేస్‌లో ఇంత మంచి పోలిక కేవలం యాదృచ్ఛికంగా ఎన్నిసార్లు దొరకవచ్చు అన్న అంచనా అది. 5 అని ఉంటే ఇలాంటివి ఊరికే ఐదు దొరుకుతాయని, పట్టించుకోనక్కర్లేదని. సున్నాకి ఎంత దగ్గరైతే అంత నమ్మకం. నమ్మకం కుదరాలంటే ఒక చిన్న పని చేయండి. హెచ్‌బీబీలోంచి ఎనిమిది అమైనో ఆమ్లాల ముక్క కోసి, దాన్నొక్కదాన్నే పెద్ద డేటాబేస్ మీద బ్లాస్ట్ చేయండి. 100 శాతం పోలిక అంటూనే ఈ-విలువ ఎంత పేలవంగా వస్తుందో చూస్తారు. అంత చిన్న ముక్క అన్ని కోట్ల సీక్వెన్సుల్లో ఎక్కడైనా తగలొచ్చు మరి. డేటాబేస్ పెరిగే కొద్దీ అదే పోలికకి ఈ-విలువ కూడా పెరుగుతుంది, అందుకే ఏ డేటాబేస్ మీద ఎప్పుడు వెతికారో తేదీతో సహా నోట్ చేసుకోవాలి.

మీ ఫ్రెండ్ మాటకి వస్తాను. ఆల్ఫాఫోల్డ్ నిజంగా గొప్ప పనే. 2020లో ప్రోటీన్ ఆకారాల అంచనా పోటీలో అందరినీ ఎక్కడో వెనక వదిలేసింది, 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీన్ల అంచనా ఆకారాలు ఉచితంగా పెట్టారు, 2024లో డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు డేవిడ్ బేకర్‌తో కలిపి రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. కానీ అది చదువుకున్నది దేంట్లో? పీడీబీలో. 1971 నుంచి ఎందరో ఒక్కొక్క ప్రోటీన్‌నీ స్ఫటికంగా మార్చి, ఎక్స్‌రేలు పంపి, తేల్చి, అందరికీ తెరిచిపెట్టిన నిర్మాణాలు లేకపోతే దానికి పాఠమే లేదు. పైగా అది సమాధానాన్ని ఒక నమ్మకపు స్కోరుతో కలిపి ఇస్తుంది. 90 దాటితే గట్టిది, 50 కంటే తక్కువైతే ఆ ముక్కకి స్థిరమైన ఆకారమే లేకపోవచ్చు. నారింజ రంగులో నూడుల్స్‌లా వేలాడే ఆ భాగాన్ని కూడా నిజం అనుకుని పోస్టర్‌లో పెట్టేవాళ్లు ఉన్నారు!

ఇంకో సంగతి. మామూలు బీటా గొలుసునీ సికిల్ బీటా గొలుసునీ విడివిడిగా ఇచ్చి ఆల్ఫాఫోల్డ్‌ని అడిగితే, రెండు ఆకారాలూ దాదాపు ఒకేలా వస్తాయి. అది పొరపాటేమీ కాదు, గొలుసు మడతలో పెద్ద తేడా నిజంగానే లేదు. జబ్బు ఉన్నది అణువులు ఒకదానికొకటి అతుక్కోవడంలో. ఒక్క అక్షరం మారితే ఏమవుతుంది అన్న ప్రశ్న కోసం దాన్ని తయారు చేయలేదని దాన్ని కట్టినవాళ్లే చెప్తారు. ఏ పనిముట్టుని ఏ ప్రశ్న అడగాలో తెలియాలంటే మీ ఫ్రెండ్ దండగన్నవన్నీ తెలిసి ఉండాలి.

లెక్కల భయం గురించి. మీకు కావల్సినవి సంభావ్యత, లాగరిథమ్‌లు, కాస్త స్టాటిస్టిక్స్. కాల్కులస్‌తో మొదట్లో పనిపడదు. బ్లాస్ట్‌లో స్కోరు ఒక బిట్ పెరిగితే ఈ-విలువ సగమవుతుంది, పది బిట్లు పెరిగితే 1,024వ వంతుకి పడిపోతుంది. ఇది అర్థమైతే మొదటి ఏడాదికి సరిపడా లెక్కలు మీకు వచ్చినట్టే.

కోడింగ్ లేకుండా మాత్రం ఎక్కువ దూరం వెళ్లలేరు, ఈ విషయంలో మిమ్మల్ని బుజ్జగించను. ఒక జన్యువుని చేత్తో క్లిక్ చేస్తూ చూడొచ్చు, రెండొందల జన్యువుల్ని చూడలేం. పైథాన్ మొదలుపెట్టండి. మొదటి లక్ష్యం ఇది చాలు: ఒక ఫాస్టా ఫైల్ (సీక్వెన్సులు రాసుకునే మామూలు టెక్స్ట్ ఫైల్) తెరిచి అందులో ప్రతి సీక్వెన్స్ పొడవు, జీసీ శాతం (జీ, సీ అక్షరాల వాటా) చెప్పే ప్రోగ్రాం. రోజలిండ్ అనే సైట్‌లో ఇలాంటి చిన్న చిన్న సమస్యలు వరసగా ఉంటాయి, బయాలజీ తెలిసినవాళ్లకి సరదాగానే ఉంటుంది. తర్వాత బయోపైథాన్ (బయాలజీ పనుల కోసం పైథాన్‌లో సిద్ధంగా ఉన్న పనిముట్లు), లైనక్స్‌లో పది పన్నెండు కమాండ్లు. ఎక్సెల్‌ని మాత్రం జన్యువుల పేర్ల దగ్గరికి రానివ్వకండి. సెప్ట్2 అనే జన్యువుని అది సెప్టెంబర్ 2 అనుకుని తేదీగా మార్చేసేది. 2016లో చూస్తే, ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పేపర్లలో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులు బయటపడ్డాయి. చివరికి ఎక్సెల్ మారేలోపు జన్యువులకి పేర్లు పెట్టే కమిటీయే దిగివచ్చి 2020లో సెప్ట్2ని సెప్టిన్2 చేసింది, మార్చ్1ని మార్చ్ఎఫ్1 చేసింది.

పీజీలో తీసుకోవచ్చా అంటే, ముందు ఆ కోర్సు సిలబస్ తెప్పించి చూడండి. అందులో స్టాటిస్టిక్స్, లైనక్స్, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష, నిజమైన డేటాతో చేసే ప్రాజెక్టు ఉంటే ధైర్యంగా చేరండి. డేటాబేస్‌ల పేర్లూ వాటి లక్షణాలూ మాత్రమే ఉంటే ఆ రెండేళ్లూ వేరే బయాలజీ కోర్సులో పెట్టి, ఇది పక్కన సొంతంగా నేర్చుకోవడం మేలు. కొత్త పద్ధతులు కనిపెట్టే పనిలో లెక్కలూ కంప్యూటర్ సైన్సూ చదివినవాళ్లు మీకంటే ముందుంటారు, కాదనలేం. ఫలితం వచ్చాక ఇది ప్రాణిలో జరిగే పనేనా అని అనుమానించడంలో మాత్రం మీదే పైచేయి. ఆ అనుమానం కోసమే బయాలజీవాళ్లని తీసుకునే బృందాలున్నాయి.

ల్యాప్‌టాప్ కోసం డబ్బు తగలేయకండి. బ్లాస్ట్ నడిచేది ఎన్‌సీబీఐ కంప్యూటర్ల మీద, గెలాక్సీ అనే ఉచిత సైట్‌లో పెద్ద విశ్లేషణలు కూడా వాళ్ల సర్వర్ల మీదే జరుగుతాయి. ఒక మనిషి జీనోమ్ మొత్తం చదివితే ముడి ఫైళ్లే పదుల జీబీలు వస్తాయి, వాటిని ఎలాగూ ల్యాప్‌టాప్ మీద చేయరు. 8 జీబీ మెమరీ ఉన్న మామూలుది చాలు. విండోస్ అయితే డబ్ల్యూఎస్ఎల్ ఆన్ చేసుకోండి, అందులోనే లైనక్స్ ఉచితంగా వచ్చేస్తుంది.